వంగే కొండపల్లి బొమ్మ: టేబుల్ పక్కన ఒక ప్రాజెక్టు డైరీ

ఆషాఢం, బోనాల ఆదివారం

మా ఇంట్లో రెండు టేబుళ్లు. ఒకటి నాది. వారంలో మూడు రోజులు ఆఫీసు పని దాని మీదే, లాప్‌టాప్‌తో. రెండోది తమ్ముడిది. గ్రూప్-2 పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, మూతలు పోయిన హైలైటర్లు. సాయంత్రానికి నాకు మెడ పట్టేస్తుంది, వాడు నడుం పట్టుకుని లేస్తాడు. అమ్మ దగ్గర ఇద్దరికీ ఒకటే మందు: "నిటారుగా కూర్చోండి." ఆమె గుమ్మం దాటేదాకా కూర్చుంటాం.

గుమ్మంలో అమ్మ చేసే ఆ డ్యూటీని టేబుల్ మీద ఒక చిన్న యంత్రానికి అప్పగించాలని ఆలోచన. సికింద్రాబాద్ వైపు రోడ్లన్నీ జాతరతో నిండిపోయాయి, బయటికి వెళ్లే పని లేదు కాబట్టి ఈరోజు కాగితం మీద లెక్కలే.

షరతులు ముందే రాసుకున్నాను. ఒంటికి ఏమీ తగిలించుకోకూడదు. కెమెరా వద్దు. ఫోన్ జోలికి పోకూడదు. లాప్‌టాప్ లేని టేబుల్ మీద కూడా పనిచేయాలి.

వీటితో సగం దారులు మూసుకుపోయాయి. వీపుకు అంటించుకుంటే వంగినప్పుడల్లా వణికే పరికరాలు బజార్లో ఉన్నాయి. అప్‌రైట్ గో అలాంటిదే. ఎంపీయూ6050 లాంటి యాక్సిలరోమీటర్‌తో (వంపు, కదలిక పట్టే సెన్సర్) ఇంట్లోనూ చేసుకోవచ్చు. కానీ ఆగస్టు ఉక్కపోతలో వీపుకు ప్లాస్టర్ వేసుకుని కూర్చునేవాళ్లు మా ఇంట్లో లేరు, పైగా దాన్ని రోజూ చార్జింగ్ పెట్టాలి. కెమెరా పద్ధతి చాలా తేలిక. గూగుల్ వారి మీడియాపైప్ మనిషి ఒంటి మీద 33 గుర్తులు పట్టుకుని చెవి, భుజం ఏ కోణంలో ఉన్నాయో చెప్పేస్తుంది. అయితే రోజంతా కెమెరా వెలుగుతూ ఉండాలి, వెనక నుంచి నాన్న తువ్వాలు చుట్టుకుని వెళ్తుంటారు. తమ్ముడి టేబుల్ మీద కంప్యూటరే లేదు. సీటు కింద ఒత్తిడి సెన్సర్లు పెట్టొచ్చు గానీ, గంటల తరబడి బరువు మోస్తే వాటి రీడింగ్ మెల్లగా జారిపోతూ ఉంటుంది. మనిషి కదిలాడో, సెన్సరే అలసిపోయిందో తేల్చడం కష్టం.

మిగిలింది దూరం కొలవడం. టేబుల్ మీద నిలబెట్టిన ఒక పట్టీ నుంచి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చూస్తే చాలు, మిగతాది లెక్క.

శ్రావణం మొదట్లో, కోఠీ నుంచి వచ్చాక

గుజరాతీ గల్లీలో కొన్నవి: ఈఎస్పీ32 బోర్డు (సెన్సర్లను నడిపే చిన్న కంప్యూటర్), అల్ట్రాసోనిక్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్ఆర్04, లేజర్ దూరం సెన్సర్ వీఎల్53ఎల్0ఎక్స్ రెండు, చిన్న బజర్, జంపర్ వైర్లు, టంకం లేకుండా వాటిని గుచ్చే బ్రెడ్‌బోర్డు. నాలుగు దుకాణాలు తిరిగితే ధర నాలుగు రకాలుగా చెబుతారు, చివరి దుకాణంలో కొని మొదటి దుకాణం ముందు నుంచి తలదించుకుని రావాలి. అది ఆ గల్లీ ఆనవాయితీ.

ముందు అల్ట్రాసోనిక్ చూశాను, చవక కాబట్టి. 40 కిలోహెర్ట్జ్ శబ్దం పంపి, ప్రతిధ్వని ఎప్పుడు వచ్చిందో చూసి దూరం చెబుతుంది. దీని ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుంది, ఈఎస్పీ32 పిన్‌లు 3.3 వోల్టులవి. అందుకే మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించాలి. గోడకు, అట్టముక్కకు పెడితే బంగారం లాంటి రీడింగులు. మనిషి కూర్చుంటే కథ మారింది. నూలు చొక్కా శబ్దాన్ని పీల్చేసుకుంటుంది, భుజం ఏటవాలుగా ఉంటే ప్రతిధ్వని పక్కకు పోతుంది. నా చున్నీ ముందు అసలు పనికిరాలేదు. కాసేపు 60 సెంటీమీటర్లు అంటుంది, కాసేపు వెనకున్న బీరువా దూరం చెబుతుంది.

లేజర్ సెన్సర్ వేరే జాతి. 940 నానోమీటర్ల కంటికి కనిపించని కాంతిని పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ముఖానికి వెళ్లి రావడానికి ఆ కాంతికి పట్టేది 4 నానోసెకన్లు. ఇదంతా చేసే చిప్ పొడవు 4.4 మిల్లీమీటర్లు, వెడల్పు 2.4. చున్నీ అయినా, నూలు చొక్కా అయినా రీడింగ్ నిలకడగా ఉంది. కంటి భద్రత సంగతి అమ్మ అడిగింది. ఇది క్లాస్ 1 లేజర్, మామూలు వాడకంలో కంటికి హాని లేని తరగతి. ఒకటే బలహీనత: కిటికీలోంచి ఎండ నేరుగా పడితే దాని చూపు తగ్గిపోతుంది. నా టేబుల్ తూర్పు కిటికీ పక్కన ఉంది కాబట్టి పొద్దున్నే కర్టెన్ వేయాలి.

అదే వారం, రాత్రిపూట చదివినవి

యంత్రానికి "సరిగ్గా కూర్చోవడం" అంటే ఏమిటో చెప్పాలి కదా. దాని కోసం చదవడం మొదలుపెడితే నాకున్న నమ్మకాలే కదిలాయి.

స్వీడన్‌కు చెందిన ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960, 70 దశకాల్లో వెన్నుపూసల మధ్య డిస్కుల్లో ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పుడు ఒత్తిడిని 100 అనుకుంటే, కూర్చుంటే 140, ముందుకు వంగి కూర్చుంటే 185. ఇప్పటికీ కుర్చీల ప్రకటనల్లో కనిపించేవి ఈ అంకెలే. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక వలంటీరు డిస్కులో సెన్సర్ పెట్టి మళ్లీ కొలిచింది. నిలబడితే 0.5 మెగాపాస్కల్, వీపుకు ఆసరా లేకుండా మామూలుగా కూర్చుంటే 0.46, కుర్చీలో వెనక్కి జారగిలబడితే 0.27. అంటే అమ్మ "అదేం కూర్చోవడంరా, పడుకున్నట్టు" అని తిట్టే భంగిమలోనే డిస్కు మీద ఒత్తిడి తక్కువ. ఒక్క మనిషి మీద చేసిన కొలత కాబట్టి దీన్నే వేదంలా పట్టుకోలేం. కానీ "నిటారు మంచిది, జారగిల పడటం చెడ్డది" అనే గీత అంత స్పష్టంగా లేదని మాత్రం ఒప్పుకోవాలి.

మెడ సంగతికొస్తే, 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే న్యూయార్క్ సర్జన్ వేసిన లెక్క బాగా ప్రచారమైంది. తల బరువు అయిదు కిలోల చుట్టుపక్కల. దాన్ని 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలు. ఇది కంప్యూటర్ మోడల్ లెక్క. వంగిన ప్రతివాడికీ నొప్పి వస్తుందని అది చెప్పదు. వంగి అలాగే ఉండిపోతే కండరాలు ఎంత పని చేస్తున్నాయో మాత్రం తెలుస్తుంది.

నాకు అర్థమైంది ఒక్కటే, ఈ ప్రాజెక్టు దిశను అదే మార్చింది. తప్పు భంగిమను పట్టుకోవడం కన్నా, ఏ భంగిమలోనైనా గడ్డకట్టుకుపోవడాన్ని పట్టుకోవడం ముఖ్యం. జారగిలబడినా పర్వాలేదు, బాసింపట్టు వేసుకున్నా పర్వాలేదు, గంటసేపు అలాగే ఉండిపోకూడదు. యంత్రం రెండు విషయాలు చూడాలి: మెడ ముందుకు సాగిపోవడం, మనిషి కదలకపోవడం. వెనక్కి వాలితే దాని జోలికి పోకూడదు.

శ్రావణం, వరలక్ష్మీ వ్రతం మరునాడు

మెడ సాగిందా, మనిషే ముందుకు వంగాడా అన్నది ఒక సెన్సర్‌తో తేలదు. ముఖం దగ్గరికి వచ్చిందంటే కుర్చీ ముందుకు లాక్కుని ఉండొచ్చు. అందుకే రెండు. ఒకటి ముఖం వైపు, ఇంకోటి ఛాతీ వైపు చూడాలి.

రెండు ఒకేరకం సెన్సర్లు పెడితే మొదటి చిక్కు చిరునామా. సెన్సర్లు బోర్డుతో మాట్లాడే ఐ2సి తీగ మీద రెండింటి చిరునామా 0ఎక్స్29. బోర్డు పిలిస్తే రెండూ ఒకేసారి పలుకుతాయి. దీనికి ఎక్స్‌షట్ అనే పిన్ ఉంది. దాన్ని కిందికి లాగితే సెన్సర్ నిద్రపోతుంది. ఒకదాన్ని నిద్రపుచ్చి, మెలకువగా ఉన్నదానికి 0ఎక్స్30 అని కొత్త చిరునామా ఇచ్చి, ఆ తర్వాత రెండోదాన్ని లేపాలి. కరెంటు పోతే కొత్త చిరునామా మర్చిపోతుంది, కాబట్టి బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ ఈ తంతు నడవాలి. సెటప్ భాగంలో పది లైన్ల కోడ్, అంతే.

రెండో చిక్కు చూపు వెడల్పు. ఈ సెన్సర్ 25 డిగ్రీల శంఖువులో చూస్తుంది. 60 సెంటీమీటర్ల దగ్గర ఆ శంఖువు 27 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది. ముఖం కోసం పెట్టింది భుజాలు కూడా చూసేస్తోంది, రెండు సెన్సర్లూ ఒకే మనిషి గురించి కలగాపులగంగా చెబుతున్నాయి. ముఖం వైపు చూసే పైదాన్ని మార్చి వీఎల్53ఎల్1ఎక్స్ పెట్టాను. ఇందులో కాంతిని పట్టే 16×16 గళ్లలో కావలసిన భాగాన్నే వాడుకోవచ్చు. 4×4 గళ్లకు కుదిస్తే చూపు 15 డిగ్రీలకు దగ్గరవుతుంది, అంటే 60 సెంటీమీటర్ల దగ్గర దాదాపు 16 సెంటీమీటర్లు. ఒక ముఖం పట్టేంత. పైదాన్ని కొద్దిగా పైకి, కిందిదాన్ని కొద్దిగా కిందికి వంచి పట్టీకి బిగించాను. పట్టీ అంటే పాత అల్యూమినియం కర్టెన్ రాడ్ ముక్క.

శ్రావణం ముగుస్తుండగా

లెక్క కుదిరింది, రాసి పెట్టుకుంటున్నాను.

నడుం దగ్గర నుంచి మొత్తం మనిషి ముందుకు వంగితే ముఖం, ఛాతీ రెండూ దగ్గరికొస్తాయి, కానీ సమానంగా కాదు. తుంటి నుంచి ముఖం దాకా 70 సెంటీమీటర్లు, ఛాతీ దాకా 40. కాబట్టి ఛాతీ ఒక సెంటీమీటరు ముందుకొస్తే ముఖం 1.75 సెంటీమీటర్లు రావాలి. అంతకు మించి ముఖం ముందుకొస్తే ఆ మిగులు మెడది. ఉదాహరణకు హాయిగా కూర్చున్నప్పుడు ముఖం 62, ఛాతీ 64. ఓ గంట తర్వాత ముఖం 52, ఛాతీ 62. ఛాతీ 2 ముందుకొచ్చింది, దాని వాటా 3.5. ముఖం 10 వచ్చింది. మెడ ఒక్కటే 6.5 సెంటీమీటర్లు సాగింది. ఈ మిగులుకు కోడ్‌లో "మెడ" అనే పేరే పెట్టాను.

"హాయిగా" అంటే ఏమిటో యంత్రం నిర్ణయించదు. ఒక బటన్ పెట్టాను. మనకు బాగుందనిపించినప్పుడు నొక్కితే ఆ దూరాలు గుర్తుపెట్టుకుంటుంది. కుర్చీ జరిపినా, కుర్చీలో బాసింపట్టు వేసుకున్నా మళ్లీ నొక్కడమే. బాసింపట్టు వేస్తే ఒళ్లు కొంచెం పైకి లేస్తుంది, ముఖం వైపు చూసేది గడ్డాన్ని చూస్తుంది, అంకెలు మారతాయి. దీన్ని కోడ్‌తో పట్టుకోవచ్చని తెలుసు, కానీ బటన్ నొక్కడానికి సెకను చాలు.

రీడింగుల్లో గెంతులు పోవడానికి ప్రతి అయిదింటిలో మధ్యదాన్ని తీసుకుంటున్నాను. సెకనుకు అయిదు రీడింగులు, అంతకన్నా వేగం దేనికి. మనిషేమీ బంతి కాదు. కిందిదాని ముందు టీ గ్లాసు పెడితే దూరం ఒక్కసారిగా 30 సెంటీమీటర్లు పడిపోతుంది. మనిషి అంత వేగంగా వంగడు, కాబట్టి అలాంటి గెంతును "వస్తువు అడ్డం" అని పక్కన పెట్టేస్తుంది.

చవితికి ముందు వారం: ఎలా చెప్పాలి?

కొలవడం కన్నా చెప్పడమే కష్టం. ఇక్కడ ఎక్కువ సమయం పోయింది, పోవాల్సిందే కూడా.

బజర్‌తో మొదలు. తమ్ముడి టేబుల్ మీద పెట్టాను. అది కుయ్‌మంటే వంటింట్లోంచి అమ్మ "వంగున్నావు కదరా!" అని కేక. మధ్యాహ్నానికి వాడు వైరు పీకేసి నా గదికి వచ్చాడు. "అక్కా, ఇది నాకు చెప్పడం లేదు, అమ్మకు చాడీలు చెబుతోంది." నిజమే. చదువుకుంటున్న మనిషి దగ్గర శబ్దం చేసే ఏ వస్తువైనా పనికిరాదు. పైగా బజర్ మోగితే అందరం చేసేది ఒకటే, ఉలిక్కిపడి బిగుసుకుపోయి నిటారుగా కూర్చోవడం. ఆ బిగుసుకుపోవడం వల్ల భుజాలు ఇంకా నొప్పి.

తర్వాత టేబుల్ లైటు ఆలోచన. మెడ సాగితే వెలుతురు మెల్లగా తగ్గుతుంది, సర్దుకుంటే పెరుగుతుంది. వినడానికి ఎంతో సొగసుగా ఉంటుంది, నెట్‌లో చాలామంది చేసింది కూడా ఇదే. పుస్తకం చదివే మనిషి దగ్గర పెట్టి చూడండి. వెలుతురు తగ్గితే అక్షరాల కోసం ఇంకా ముందుకు వంగుతాడు! శిక్ష వేస్తూ నేరం పెంచే పద్ధతి. ఒక్క సాయంత్రంలో దాన్ని పక్కన పెట్టేశాను.

కావాల్సింది శబ్దం లేనిది, కంటి చివర కనిపించేది, పట్టించుకోకపోతే బాధపెట్టనిది. షెల్ఫ్‌లో విజయవాడ పిన్ని తెచ్చిన కొండపల్లి బొమ్మ ఉంది. తలపాగా చుట్టిన రైతు, భుజాన నాగలి. మనం వంగితే ఇతను వంగాలి. మనం లేస్తే ఇతను లేవాలి.

వినాయక చవితి సెలవు

కొండపల్లి బొమ్మ ఈ పనికి ఎందుకు సరిపోయిందంటే, అది తెల్ల పొణికి చెక్కతో చేసింది. చేతిలో పట్టుకుంటే లోపల ఏమీ లేదేమో అనిపించేంత తేలిక. మా రైతు 60 గ్రాములు. కింది పీఠం నుంచి విడదీసి చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న సర్వో మోటారు ఎస్‌జీ90 చెయ్యికి బిగించాలి. మోటారు బరువు 9 గ్రాములు. బొమ్మ బరువు కేంద్రం ఇరుసుకు 6 సెంటీమీటర్ల పైన ఉందనుకుంటే, 35 డిగ్రీలు వంగినప్పుడు మోటారు మోయాల్సిన తిప్పుడు భారం 0.2 కేజీ-సెంటీమీటర్లు. ఇది 4.8 వోల్టుల దగ్గర 1.8 దాకా మోస్తుంది. అదే ఎత్తున్న ఇత్తడి బొమ్మ అయితే ఈ మోటారు చేతులెత్తేసేది.

నడుం దగ్గర కోసి, అక్కడ కీలు పెడితే ఇంకా అందంగా ఉండేది. తమ్ముడు హాక్సా కూడా తెచ్చాడు. నాకు చెయ్యి రాలేదు. ఈ బొమ్మల్లో చేతులు, కాళ్లు, తలపాగా విడివిడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, ఆ తర్వాతే సున్నం పూసి రంగులు వేస్తారు. అలాంటి పనిని రంపంతో కోయడం నాకు ఇష్టం లేదు. మొత్తం బొమ్మే పాదాల దగ్గర నుంచి వంగుతుంది. అది చాలు.

నిమజ్జనం రోజు

బయట లారీల మీద డీజే, లోపల ఈఎస్పీ32 పదేపదే రీస్టార్ట్. సర్వో కదిలిన ప్రతిసారీ, బోర్డు పంపే సందేశాలు లాప్‌టాప్‌లో కనిపించే సీరియల్ మానిటర్‌లో "బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" అన్న లైను. అర్థం సూటిగానే ఉంది: మోటారు కదలడం మొదలుపెట్టిన క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజి కిందికి జారుతుంది, బోర్డు ప్రాణం కాపాడుకోవడానికి ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. సర్వోకు పాత ఫోన్ చార్జర్ నుంచి విడిగా 5 వోల్టులు ఇచ్చి, తీగల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, గ్రౌండ్ మాత్రం రెండింటికీ ఉమ్మడిగా కలిపితే పోయింది. గ్రౌండ్ కలపకపోతే బొమ్మ పూనకం వచ్చినట్టు ఊగుతుంది, ఎందుకంటే సిగ్నల్‌ను దేనితో పోల్చి చూడాలో మోటారుకు తెలియదు.

ఇంకో చిన్న విషయం: నిలబడి ఉన్నప్పుడు కూడా సర్వో సన్నగా గురగురలాడుతుంది. స్థానం పట్టి ఉంచడానికి అది లోపల పోరాడుతూనే ఉంటుంది. కదలిక అయిపోగానే సిగ్నల్ ఆపేస్తే నిశ్శబ్దం. బొమ్మ తేలిక కాబట్టి పళ్లచక్రాల రాపిడికే నిలబడిపోతుంది.

వంగే తీరు కూడా మార్చాను. మెడ మిగులు 5 సెంటీమీటర్లు దాటి రెండు నిమిషాలు అలాగే ఉంటేనే కదలిక మొదలు. అప్పుడు కూడా 35 డిగ్రీలు వంగడానికి ఒక నిమిషం తీసుకుంటుంది. ఠక్కున వంగితే కన్ను అటు పోతుంది, చదివే లైను తప్పిపోతుంది. ఇప్పుడు ఎప్పుడు వంగిందో తెలియదు, కాసేపటికి చూస్తే వంగి ఉంటుంది.

భాద్రపదం చివర: పీట, వ్యాసపీఠం

నా టేబుల్ లాగ్‌లో (యంత్రం రాసిపెట్టే రీడింగుల చిట్టా) "మెడ" అంకె పొద్దున పదింటికి మొదలై భోజనం దాకా ఎక్కుతూనే ఉంది. బొమ్మ వంగుతోంది, నేను సర్దుకుంటున్నాను, పది నిమిషాల్లో మళ్లీ అక్కడికే. యంత్రం తన పని సరిగ్గానే చేస్తోంది. అయినా మెడ మళ్లీ మళ్లీ అటే ఎందుకు పోతోంది? టేపు తీసుకుని కొలిచాను.

టేబుల్ ఎత్తు 30 అంగుళాలు. మన దగ్గర వడ్రంగి చేసినా, ఆన్‌లైన్‌లో కొన్నా దాదాపు ఇదే. పాదాలు నేల మీద ఆనించి కూర్చుంటే నా మోచేయి ఎత్తు 26 అంగుళాలు. అంటే రోజంతా భుజాలు ఎత్తిపెట్టి టైపు చేస్తున్నాను. లాప్‌టాప్ స్క్రీన్ పై అంచేమో కంటికి జానెడు కింద. కీబోర్డు ఎత్తు చేతికి సరిపోతే స్క్రీన్ కంటికి సరిపోదు, స్క్రీన్ ఎత్తితే కీబోర్డు అందదు. లాప్‌టాప్ నిర్మాణంలోనే ఉన్న తగాదా ఇది. బొమ్మ తీర్చేది కాదు.

చేసినవి: కుర్చీ నాలుగు అంగుళాలు పైకి. పాదాలు గాల్లో తేలాయి కాబట్టి వంటింట్లోంచి అమ్మ పాత చెక్క పీట తెచ్చి కింద వేశాను. లాప్‌టాప్ కింద రెండు లావుపాటి డిక్షనరీలు, విడిగా కీబోర్డు, మౌస్. స్క్రీన్ దూరం చెయ్యి చాపితే అందేంత. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పే 20 నుంచి 40 అంగుళాల లోపలే ఉంది. మరునాటి లాగ్‌లో మెడ గీత దాదాపు పడుకుంది. బొమ్మ ఎన్నడూ సాధించలేనిది పీట ఒక్క పూటలో చేసింది.

తమ్ముడి కథ వేరు. వాడి పుస్తకం టేబుల్ మీద పరిచి ఉంటుంది, తల దాని మీదికి వేలాడుతుంది. పై సెన్సర్ వాడి ముఖం కాదు, నడినెత్తి చూస్తోంది. హన్స్‌రాజ్ లెక్కల్లోని 60 డిగ్రీలు వాడికి మామూలు. పుస్తకం పైకి లేవాలి. ప్లాస్టిక్ రీడింగ్ స్టాండులు నెట్‌లో వెతుకుతుంటే నాన్న అటకెక్కి తాతయ్య వ్యాసపీఠం దించారు. తాతయ్య పొద్దున్నే చాప మీద కూర్చుని దాని మీద పెట్టుకునే భాగవతం చదివేవారు. టేకుచెక్క, ఇంటూ ఆకారంలో తెరుచుకుంటుంది, పుస్తకం ఏటవాలుగా కూర్చుంటుంది. నేల మీద వాడే వస్తువును టేబుల్ మీద పెట్టేసరికి పుస్తకం దాదాపు గడ్డం ఎత్తుకొచ్చింది. లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం బరువుకు కూడా అది కిమ్మనలేదు. రాయాలంటే మాత్రం పక్కకు జరపాలి, వాడికి అదొక్కటే విసుగు.

నా ఉద్దేశంలో ఇలాంటి పరికరం ఎవరు చేసుకున్నా మొదటి వారం దాన్ని హెచ్చరికల కోసం కాకుండా కొలత కోసమే వాడాలి. బొమ్మను కట్టేసి ఉంచి, లాగ్ చూసి, కుర్చీ, టేబుల్ సర్దుకుని, ఆ తర్వాతే బొమ్మను వదలాలి. ఎత్తు కుదరని టేబుల్ ముందు కూర్చున్న మనిషిని నిటారుగా ఉండమని గుర్తుచేస్తూ ఉండటం సాధింపే.

బతుకమ్మ రోజుల్లో

టేబుళ్లు కుదిరాక మెడ హెచ్చరిక అరుదైపోయింది. ఇప్పుడు బొమ్మకు అసలు ఉద్యోగం రెండోది: కదలకపోవడం. ముఖం దూరం అరగంట పాటు 3 సెంటీమీటర్ల లోపలే తిరుగుతుంటే బొమ్మ ఈసారి వెనక్కి వాలుతుంది. ముందుకు వంగితే మెడ, వెనక్కి వాలితే "లేచి నీళ్లు తాగు". మనిషి లేచి వెళ్లిపోతే దూరం ఒక్కసారిగా 120 దాటుతుంది. ఒక నిమిషం అలాగే ఉంటే లెక్క సున్నా, రైతు మళ్లీ నిటారు.

వెనక్కి జారగిలబడి కాల్స్ వినడం మానలేదు, మానను కూడా. యంత్రానికి అది తప్పుగా కనిపించదు, రెండు దూరాలూ పెరుగుతాయి, మెడ మిగులు సున్నా. అమ్మకు మాత్రం కనిపిస్తుంది. ఆమెకు 0.27 మెగాపాస్కల్ గురించి చెప్పి చూశాను. "ఆ పాస్కలెవరో వచ్చి నీ నడుం నొక్కుతాడేమో అడుగు" అంది.

మోసం చేసే పద్ధతులు తమ్ముడు అప్పుడే కనిపెట్టాడు. కుర్చీకి దిండు నిలబెట్టి వెళ్తే మనిషి ఉన్నట్టే లెక్క. ఆ దిండు అరగంట కదలకపోతే బొమ్మ వెనక్కి వాలుతుంది, అప్పుడు బయటపడుతుంది. దీనికి కోడ్ రాయబోవడం లేదు. పరీక్షకు చదివేది వాడు, నొప్పి వాడిది.

దసరా సెలవులు, పెండింగ్ పనులు

బ్రెడ్‌బోర్డు నుంచి మామూలు పీసీబీకి మార్చి టంకం వేయాలి. జంపర్ వైర్లు దుమ్ము తుడిచినప్పుడల్లా ఊడుతున్నాయి. కర్టెన్ రాడ్ ముక్కకు అడుగున బరువు కావాలి. తమ్ముడి టేబుల్‌కు రెండో బొమ్మ కొనాలి, వాడు గీత కార్మికుడి బొమ్మ అడిగాడు. తాడిచెట్టుతో సహా వంగితే బాగుంటుందట. చెట్టు ఎత్తు లెక్కేస్తే సర్వో మీద భారం 0.5 దాకా వస్తుంది, సరిపోతుంది. ఖర్చు సంగతి అడిగేవాళ్ల కోసం: బొమ్మ కాకుండా ఒక టేబుల్‌కు పదిహేను వందల లోపే అయింది, గల్లీలో బేరం మీ ఓపిక.

అమ్మ కుట్టుమిషన్ దగ్గరా ఒకటి పెట్టమంది. "నాకూ మెడ పడుతోంది కదే, నాకెందుకు చెయ్యవు?" ఒక సాయంత్రం పక్కన కూర్చుని చూశాను. సూది దగ్గర చూపు ఆనాలంటే ముందుకు వంగాల్సిందే. అక్కడ ఈ లెక్క పెడితే బొమ్మ పొద్దస్తమానం వంగే ఉంటుంది. ఆమె కూర్చునే స్టూలు 18 అంగుళాలు, మిషన్ బల్ల 29. ముందు స్టూలు మీద రెండు అంగుళాల దిండు, మిషన్‌కు సూది దగ్గర ఎల్ఈడీ లైటు. దీపావళి బ్లౌజులు అయ్యాక బల్ల వెనక కాళ్ల కింద చెక్కముక్కలు వేసి కొంచెం ఏటవాలు చేసి చూస్తానన్నాను. సెన్సర్ పట్టీ ఆమె దగ్గర లాగ్ కోసం మాత్రమే పెట్టాను, బొమ్మ లేకుండా.